కుంచం బోర్లించే నాలుగు వరుసలు

నేను ఒక పదకొండు వరుసల కోడ్ ముక్కని. నాకు బరువు లేదు, తుప్పు పట్టను, పాత సామాన్లవాడు వీధిలోకి వచ్చినా నన్ను గోనెలో వేసుకుపోలేడు. డయాలసిస్ యంత్రాల లోపల, మిగతా ప్రోగ్రాములన్నిటికీ అడుగున ఉంటాను. నన్ను తీసిపారేయాలని ఇప్పటికి మూడుసార్లు గట్టి ప్రయత్నమే జరిగింది. మూడుసార్లూ బతికాను. అందుకు ఎవరినీ క్షమాపణ అడిగే ఉద్దేశం నాకు లేదు, ఎందుకంటే నా తప్పేమీ లేదు.

నా పదకొండు వరుసల్లో ఏడు, యంత్రం తిరుగుతున్నంతసేపూ ఊపిరి సలపకుండా పనిచేస్తాయి. వాటిని ఎవరూ ఏమీ అనలేదు. మిగిలిన నాలుగూ ఏళ్ళ తరబడి కదలకుండా కూర్చున్నాయని గొడవ. పనిచేయనివాళ్ళని చూస్తే మనుషులకి ఒళ్ళు మంట, అది తామే అయితే తప్ప. నిజం చెప్పాలంటే నా ప్రాణమంతా ఆ నాలుగింట్లోనే ఉంది.

కళ్ళూ చెవులూ లేనిదానికి ఇన్ని సంగతులు ఎలా తెలుసని మీకు అనుమానం రావచ్చు. మనుషులు నా గురించి తెగ రాస్తారు. నా పక్కన వ్యాఖ్యలు, నా మీద ఫిర్యాదులు, నన్ను ఉంచాలా వద్దా అని వాదించుకున్న ఉత్తరాలు, అన్నీ నాతోపాటే భద్రంగా ఉన్నాయి. మిగతాది ఊహించుకున్నాను. ఆత్మకథ రాసేటప్పుడు మీరూ అంతే చేస్తారు కదా.

నన్ను రాసింది దుంపల హైమావతి. విశాఖపట్నంలో, మధురవాడ కొండ మీద, డయాలసిస్ యంత్రాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఇంజనీరు. మూత్రపిండాలు పాడైన మనిషిని ఈ యంత్రం నాలుగు గంటలు కుర్చీలో కూర్చోబెడుతుంది. రక్తాన్ని గొట్టాల్లోంచి తిప్పి, శుభ్రం చేసి, మళ్ళీ ఒంట్లోకి పంపుతుంది. పనిలో పనిగా ఒంట్లో పేరుకున్న నీటిని కూడా తీస్తుంది. ఎంత తీయాలో డాక్టరు ముందే చెబుతాడు. రెండు లీటర్లంటే రెండే. తక్కువ తీస్తే ఆయాసం. ఎక్కువ తీస్తే పిక్కలు పట్టేసి, బీపీ పడిపోయి, మనిషి కుర్చీలోనే వాలిపోతాడు.

నీటిని తీసే గదులు యంత్రంలో రెండున్నాయి. ఎడమ గదిని ఒక ప్రోగ్రాం చూస్తుంది, కుడి గదిని ఇంకోటి. గది నిండినప్పుడల్లా దాని ప్రోగ్రాం లెక్కకి ఒకటి కలపాలి. ఇద్దరికీ లెక్క ఒకటే. కలపడమంటే పాత అంకె చదవాలి, దానికి ఒకటి చేర్చాలి, కొత్త అంకె రాయాలి. ఎడమది వంద అని చదివి నూటొకటి రాసేలోపు కుడిది కూడా వంద అనే చదివిందనుకోండి, ఇద్దరూ నూటొకటే రాస్తారు. గదులు రెండు నిండాయి, లెక్కలో ఒకటే పెరిగింది. ఒకటి తగ్గిందని యంత్రానికి తెలియదు, అది ఇంకా ఇంకా నీళ్ళు లాగుతూనే ఉంటుంది.

మొట్టమొదటి యంత్రాన్ని ఉప్పునీళ్ళతో పరీక్షించిన రోజున తెర మీద పద్దెనిమిది వందల మిల్లీలీటర్లు కనిపించాయి. కింద పెట్టిన గాజుకూజాలో రెండు వేలున్నాయి. కూజా కారుతోందేమో చూడమన్నాడు ఒక పెద్దాయన. కారితే తగ్గాలి గాని పెరగవు కదా అని హైమావతి ఆయనతో అనలేదు, కొత్తగా చేరింది కాబట్టి. కూజా పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చుని ఆలోచించింది.

అప్పుడు ఆమెకి వాళ్ళ మామ్మ నీలవేణమ్మ గుర్తొచ్చింది. ఆవిడ కళ్ళంలో ధాన్యం కొలిచేది. మొదటి కుంచాన్ని ఎవరూ ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు అంటూ సాగుతుంది కొలత. మధ్యలో ఎవరైనా చెయ్యి పెట్టినా, పలకరించి లెక్క చెదరగొట్టినా నీలవేణమ్మ కొలిచిందంతా కుప్పలో తిరగబోసి మళ్ళీ లాభం దగ్గర మొదలుపెట్టేదట. ఎన్నో కుంచమో తనకి బాగా గుర్తున్నా సరే, ఒకరు ముట్టుకున్న లెక్క తనకి వద్దనేది. ఆవిడ దగ్గర కొలత ఆలస్యమవుతుందని విసుక్కున్నవాళ్ళే, తేడా వచ్చినప్పుడు ఆవిడనే పిలిపించేవారు.

నా మొదటి ఏడు వరుసలూ నీలవేణమ్మే. అంకె చదివేటప్పుడు ఆ చోటు మీద ఒక గుర్తు పెడతాను. తిరిగి రాసేటప్పుడు గుర్తు చెదిరిందేమో చూస్తాను. ఈలోపు ఎవరు ముట్టుకున్నా నా రాత చెల్లదు, మళ్ళీ మొదటి నుంచి చదువుతాను. రెండుసార్లు కాదు, ఇరవైసార్లు తిరగమన్నా తిరుగుతాను గాని చెదిరిన లెక్క మీద రాయను. నేను మళ్ళీ మొదలుపెట్టే ఆ చోటుకి హైమావతి ‘లాభం’ అనే పేరు పెట్టింది. మర్నాడు తెర మీదా కూజాలోనూ ఒకటే అంకె ఉంది. కూజాని తప్పుపట్టిన పెద్దాయన, కూజా మార్చారా అని అడిగాడు.

అక్కడితో ఆపేసి ఉంటే నన్నెవరూ ఏమీ అనేవారు కాదు. హైమావతి ఆపలేదు. మామ్మ కథ ఇంకొంచెం ఉంది మరి. ఒక ఏడాది ధాన్యం పోయడానికి పట్టిన గోతానికి అడుగు చిరిగిపోయిందని రెండో కుంచం దగ్గర తెలిసింది. కొలిపించుకునే ఆసామి పరవాలేదు, పొయ్యమన్నాడు. నీలవేణమ్మ కుంచాన్ని నేలమీద బోర్లించి, దాని పక్కన చతికిలబడింది. కుంచం బోర్లిస్తే అశుభమని నలుగురూ నసిగారు. అడుగు లేని గోతంలో పోసి లెక్క చెప్పడం అంతకంటే అశుభమని ఆవిడ లేవలేదు. వేరే గోతం వచ్చేదాకా కొలత సాగలేదు.

నా చివరి నాలుగు వరుసలు అవే. ఎలాగంటే, ప్రోగ్రాములు నాకు ఒక చిరునామా ఇస్తాయి. ఫలానా చోట ఉన్న అంకెకి ఒకటి కలిపి రా అంటాయి. చాలా నమ్మకంగా అంటాయి. కాని మెమరీలో చోట్లు ఇలా ఇచ్చి అలా లాక్కుంటూ ఉంటారు. నేను వెళ్ళేసరికి ఆ చోటే ఉండకపోవచ్చు. లేని చోట అడుగుపెట్టడాన్ని మెమరీ ఫాల్ట్ అంటారు. పైన ఉండే ప్రోగ్రాం ఏదైనా అలా అడుగు వేస్తే అదొక్కటే పడుతుంది. నేనుండేది అందరికీ అడుగున. నేను పడితే యంత్రమంతా నాతో పడుతుంది. పంపు ఆగుతుంది, తెర నల్లబడుతుంది, మనిషి రక్తం గొట్టాల్లో నిలిచిపోతుంది.

యంత్రాన్ని నడిపించే మూల ప్రోగ్రాం ఇలాంటప్పుడు ఒక మర్యాద పాటిస్తుంది. పడబోతున్నది ఎవరా అని చూసి, తన దగ్గరున్న ఒక పట్టిక తిరగేస్తుంది. నేను పడొచ్చు, పడితే నన్ను ఇక్కడికి చేర్చు అని ఆ వరుస ముందే రాయించుకుని ఉంటే మెల్లగా అక్కడికి చేరుస్తుంది. రాయించుకోకపోతే ఇక తనమీద తనకే నమ్మకం పోయి సమస్తం ఆపేస్తుంది. నా నాలుగు వరుసల్లో రెండు ఆ పట్టికలో ఉంటాయి, చదివేటప్పుడు పడితే ఎక్కడికి చేర్చాలో ఒకటి, రాసేటప్పుడు పడితే ఎక్కడికో ఒకటి. మిగతా రెండూ ఆ చేరే చోట ఉంటాయి. అవి మైనస్ పద్నాలుగు అనే జవాబు ఇచ్చి, అడిగినవాళ్ళని మర్యాదగా వెనక్కి పంపుతాయి. మీరు చెప్పిన చోటు లేదని మా భాషలో దానర్థం.

ఆ జవాబు అందుకున్న ప్రోగ్రాం నీళ్ళు లాగడం ఆపి, పసుపు దీపం వెలిగించి, ‘లెక్క అందలేదు, సరిచూడండి’ అని తెర మీద రాసి, కొన్ని క్షణాల తర్వాత మళ్ళీ అడుగుతుంది. ఈలోపు రక్తం పంపు మాత్రం ఆగదు. ఆ చోటుకి హైమావతి ‘లేదు’ అని పేరు పెట్టి, పైన ఒక వ్యాఖ్య రాసింది: ‘ఇక్కడికి ఎవరూ రాకపోవచ్చు. వస్తే పడనివ్వకూడదు.’

కాలం గడిచింది. కంపెనీ ఒకసారి చేతులు మారింది, యంత్రం మూడుసార్లు రూపు మారింది. నన్ను ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకి మోసుకుపోయారు. ఒకాయన నా వరుసలన్నీ నిలువుగా సర్ది, తన పేరు పైన రాసుకుని, హైమావతి పేరు చెరిపేశాడు. సర్దడం తప్ప ఆయన చేసింది ఏమీ లేదు, అయినా ఆ ఏడాది ఆయనకి మెప్పు వచ్చింది. ఇంకొకాయనకి నా పేర్లు నచ్చలేదు. లాభం, లేదు అని మన మాటలుంటే బయటివాళ్ళు నవ్వుతారని నన్ను మొత్తం తీసి వేరేది రాయబోయాడు, రాయడం రాక వదిలేశాడు. మరొకాయన యంత్రంలో చోటు సరిపోక నా చివరి నాలుగు వరుసలూ తీసేద్దామన్నాడు. నాలుగు వరుసలకి పట్టేది పదీ ఇరవై బైట్లు. అదే వారం వాళ్ళు కంపెనీ ముద్ర మెరుస్తూ తిరిగే బొమ్మ కోసం దానికి వెయ్యింతలు చోటిచ్చారు. ఆ బొమ్మ తర్వాత ఎవరికో నచ్చక పోయింది, నేను ఉన్నాను.

అవి రెండు గండాలు. మూడోదాని పేరు వేమూరి ప్రణీత్.

ప్రణీత్ చెడ్డవాడు కాదు. తెలివైనవాడు, పొద్దున్నే వచ్చేవాడు, తన కింద పనిచేసేవాళ్ళని కసరడు. యంత్రానికి కొత్త ధ్రువపత్రం రావాలంటే, పరీక్షల్లో ప్రతి వరుసా కనీసం ఒకసారి నడిచినట్టు చూపించాలన్న నియమం వచ్చింది. ఆ పని అతనికి అప్పగించారు. నడిచిన వరుసలు పచ్చగా, నడవనివి ఎర్రగా కనిపించే ఒక పట్టిక తయారుచేశాడు. ఎర్రవాటిని పచ్చగా చేయడానికి దారులు రెండు. వాటిని నడిపించే పరీక్ష రాయడం ఒకటి, వాటిని తీసేయడం ఇంకోటి. రెండోది సులువు. ప్రతి శుక్రవారం అందరూ కూర్చుని ఎర్ర వరుసలు ఏరేవారు. ఎక్కువ ఏరినవాళ్ళకి మాడుగుల హల్వా పొట్లం ఒకటి. తీపి మీద ఆశతో మనుషులు ఎంత శ్రద్ధగా పనిచేస్తారో అప్పుడు చూశాను.

నా నాలుగు వరుసలూ నెత్తురు ముద్దలా ఎర్రగా ఉన్నాయి. తొమ్మిదేళ్ళ పరీక్షల్లో ఒక్కసారీ నడిచినట్టు లేదు. పదకొండు వరుసలకీ బదులుగా ప్రణీత్ ఒకే ఒక్క వరుస రాశాడు. నేను చేసే కలపడం అది చక్కగా చేస్తుంది. చోటు లేనప్పుడు ఏం చేయాలో దానికి తెలియదు. చోటు ఎప్పుడూ ఉంటుందని అతని నమ్మకం.

అదే వారం ఉద్దానం వైపు నుంచి, ఒడిశా సరిహద్దు దగ్గరున్న ఒక డయాలసిస్ కేంద్రం నుంచి ఫిర్యాదు వచ్చింది. నాలుగో నంబరు కుర్చీ దగ్గరి యంత్రం మాటిమాటికీ పసుపు దీపం వెలిగించి ‘లెక్క అందలేదు’ అంటోందని, దయచేసి ఆ సందేశం రాకుండా చేయమని అక్కడి ఇన్‌చార్జి రాశాడు. గమనించారా, లెక్క ఎందుకు అందడం లేదో చూడమని కాదు, సందేశం రాకుండా చేయమని. ప్రణీత్ చాలా సంతోషించాడు. నా నాలుగు వరుసలు పోతే ఆ సందేశం తెచ్చే నాథుడే ఉండడు.

హైమావతి అప్పటికి ఆ కంపెనీలో అందరికంటే పాత మనిషి. శుక్రవారం సమావేశంలో రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది.

“ఈ వరుసలు ఎప్పుడూ నడవలేదని ఈ కాగితం అంటోంది. రోజూ నడిచి విసిగిస్తున్నాయని ఆ కాగితం అంటోంది. రెండూ అవే వరుసలు, ప్రణీత్.”

“రెండు కాగితాలూ తీసేయమనే చెప్తున్నాయి కదా మేడం,” అన్నాడు ప్రణీత్. ఎగతాళికి కాదు, నిజంగానే అలా అనిపించి అన్నాడు.

నడవని వరుసలు ఆ ఊళ్ళో ఎందుకు నడుస్తున్నాయో తెలిసేదాకా సంతకం పెట్టనంది హైమావతి. ఆమె సంతకం లేకుండా యంత్రం ప్రోగ్రాముల కొత్త కూర్పు బయటికి వెళ్ళదు. వచ్చే శుక్రవారానికల్లా అరవై యంత్రాల్లోకి అది ఎక్కాలి. అంతవరకు గడువిచ్చారు. ఈలోపు కొత్త కూర్పులోంచి నన్ను తీసేశారు కూడా. పాత కూర్పు ఉన్న యంత్రాల్లో మాత్రం ఇంకా ఊపిరితో ఉన్నాను. నాకు భయం వేసిందని అనుకుంటున్నారేమో. భయం కాదు, ఒళ్ళు మండింది.

మంగళవారం పొద్దున్న రైలుకి హైమావతి బయల్దేరి ఆ కేంద్రానికి వెళ్ళింది. ఆరు కుర్చీల వార్డు. పగటి షిఫ్టుకి నర్సు ఆదిలక్ష్మి ఒక్కతే. నాలుగో కుర్చీలో బెహరా దండాసి. యాభై దాటిన మనిషి, పడవ తాళ్ళు పేనిన చేతులు, వారానికి మూడు పూటలు ఆ కుర్చీలోనే గడుస్తున్నాయి. చిన్నప్పుడు సరిహద్దు బడిలో ఒడియా అక్షరాలు నేర్చుకున్నాడు. మాట్లాడేది తెలుగే గాని చదవగలిగింది ఒడియానే. ఆదిలక్ష్మికి ఒడియా రాదు. అందుకని వాళ్ళిద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. గంటకోసారి ఆదిలక్ష్మి వచ్చి తెరని తెలుగులోకి మార్చి, తీసిన నీళ్ళు ఎన్నో కాగితం మీద రాసుకుని, మళ్ళీ ఒడియాలోకి మార్చి దండాసి వైపు తిప్పుతుంది. అతను చదివి సరే అన్నాక ఇంకో కుర్చీకి వెళుతుంది.

హైమావతి చూస్తుండగానే ఆదిలక్ష్మి మీట నొక్కింది, పసుపు దీపం వెలిగింది, నాలుగు క్షణాలకి ఆరిపోయింది. హైమావతికి వెంటనే అర్థమైంది. తెర ప్రోగ్రాం భాష మార్చినప్పుడు పాత పేజీని పారేసి కొత్త పేజీ వేసుకుంటుంది. నీళ్ళ లెక్క ఉండేది ఆ పేజీలోనే. కొత్త పేజీ సిద్ధమయ్యేలోపు, కన్ను మూసి తెరిచేంతసేపు, ఆ చోటు లేదు. సరిగ్గా అప్పుడే గది నిండితే ఆ గది ప్రోగ్రాం నన్ను లేని చోటికి పంపుతుంది. మధురవాడలో పరీక్షలు చేసేవాళ్ళు మొదట్లో ఒక భాష ఎంచుకుని చివరిదాకా దాన్ని ముట్టుకోరు. ఇద్దరు మనుషులు ఒకే తెరని గంటగంటకీ చెరో భాషలో చదువుకుంటారన్న ఊహే ఎవరికీ రాలేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఆ వార్డులో ఆరు నెలలుగా నా నాలుగు వరుసలూ నడుస్తున్నాయి. లేని చోట అడుగు వేయడం, పడబోవడం, పట్టిక నన్ను పట్టుకోవడం, లేదని జవాబిచ్చి రావడం. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. ప్రతిసారీ దండాసి రక్తం ఆగకుండా తిరిగింది. నాకు చెప్పలేనంత గర్వంగా ఉంది. ఆ గర్వాన్ని కొండ మీద ఎర్ర రంగు పూసి ఒక హల్వా పొట్లం కోసం తీసిపారేయబోయారు.

ఆ పసుపు దీపం వల్ల మీకు ఇబ్బందిగా ఉందా అని హైమావతి దండాసిని అడిగింది. ఇన్‌చార్జి బాబుకి ఇబ్బంది గాని తనకి కాదన్నాడు. ఇదివరకు వేరే ఊళ్ళో, వేరే యంత్రం మీద, ఎంత తీస్తున్నారో తనకి తెలియకుండానే ఎక్కువ తీసేశారట. పిక్కలు రాళ్ళలా బిగుసుకుని, కళ్ళు చీకట్లు కమ్మి, మూడు రోజులు లేవలేదట. అప్పట్నుంచి అంకె తన కళ్ళతో చూడనిదే ఊరుకోడు.

“నా వొంట్లో నీరమ్మా అది. నాను సూసుకోకపోతే ఎవుడు సూస్తాడు?” అన్నాడు. తర్వాత దీపం వైపు గడ్డం చూపించాడు. “లెక్క దొరక్కపోతే నేదని సెప్తంది ఇది. సెప్పనీ. ఉందని అబద్దమాడితే గదా నాను సచ్చేది.”

హైమావతి ఆ మాటని తన నోటుపుస్తకంలో రాసుకుంది. తొమ్మిదేళ్ళలో నా గురించి సరిగ్గా అర్థం చేసుకున్న మొదటి మనిషికి, నన్ను రాసిన అసెంబ్లీ అనే యంత్రభాష అంటే ఏమిటో తెలియదు.

శుక్రవారం పదకొండింటికి పరీక్షల గదిలో ఎనిమిది మంది చేరారు. బల్ల చివర హల్వా పొట్లం సిద్ధంగా ఉంది. హైమావతి వాదన పెట్టుకోలేదు. నన్ను తీసేసిన కొత్త కూర్పునే ఒక యంత్రంలో ఎక్కించమంది. రక్తానికి బదులు ఎర్ర రంగు కలిపిన ఉప్పునీళ్ళు నింపించింది. పంపు తిరుగుతోంది, గొట్టాల్లో ఎర్రగా పారుతోంది. పావుగంట గడిచాక ఆమె భాష మీట మీద వేలు పెట్టి ఒడియాలోకి మార్చింది. ఏమీ కాలేదు. తెలుగులోకి మార్చింది. ఏమీ కాలేదు. ప్రణీత్ చేతులు కట్టుకుని మర్యాదగా నిలబడ్డాడు. మూడోసారి, నాలుగోసారి కూడా తెర చక్కగా మారింది. ఎవరో గడియారం చూసుకున్నారు. నేనక్కడ లేను, నా చోట ఆ ఒంటి వరుస ఉంది. దాని మీద నాకు కోపం కూడా రాలేదు, జాలి వేసింది.

ఐదోసారి మీట నొక్కగానే తెర నల్లబడింది. పంపు సగం తిరిగి ఆగిపోయింది. బ్యాటరీతో మోగే ప్రమాద గంట కీచుమని మొదలైంది. గొట్టాల్లో ఎర్రనీళ్ళు ఎక్కడివక్కడ నిలిచాయి.

ఒకతను యంత్రాన్ని ఆపి మళ్ళీ వేయబోతే హైమావతి వద్దంది. మళ్ళీ లేచి నిలబడటానికి దానికి పట్టే సమయంలో రక్తం ఏమవుతుందో చెప్పి, చేతిపిడి ఎక్కడుందని అడిగింది. పంపు ఆగినప్పుడు చేత్తో తిప్పి రక్తాన్ని మనిషికి చేర్చడానికి ప్రతి యంత్రానికీ ఒక పిడి ఉంటుంది. ఈ యంత్రాలు తయారుచేసే ఎనిమిది మందిలో అదెక్కడ ఉంటుందో ఒక్కరికీ తెలియదు. వార్డులో ఆదిలక్ష్మి దాన్ని కళ్ళు మూసుకుని తీయగలదు. హైమావతి వంగి యంత్రం వెనకనుంచి దాన్ని తీసి, పంపుకి తగిలించి, తిప్పడం మొదలుపెట్టింది.

రెండు నిమిషాలయ్యాక ప్రణీత్ ముందుకొచ్చి ఆమె చేతిలోంచి పిడి తీసుకున్నాడు.

“ఎంతసేపు తిప్పాలి మేడం?”

“రక్తమంతా మనిషికి చేరేదాకా. పావుగంట. మెల్లగా, ఒకే వేగంతో. ఆపితే గడ్డకడుతుంది.”

అతను తిప్పాడు. గంట కీచుమంటూనే ఉంది. ఐదో నిమిషానికి చొక్కా వీపుకి అంటుకుంది. పక్కనున్నతను తాను తిప్పుతానంటే తల అడ్డంగా ఊపాడు. ఆ గొట్టంలో ఉన్నది ఉప్పునీళ్ళేనని అతనికి తెలుసు. కాని హైమావతి ఎదురుగా కూర్చుని నోటుపుస్తకం తీసి, నాలుగో కుర్చీ గురించి, గంటకోసారి మీట నొక్కే ఆదిలక్ష్మి గురించి, దండాసి అన్న మాట గురించి, తొందర లేకుండా చదువుతోంది. పన్నెండో నిమిషంలో అతను నేలచూపులు చూస్తూ అడిగాడు.

“ఒకేసారి రెండు కుర్చీల్లో ఆగితే?”

“ఆదిలక్ష్మి ఒక్కతే,” అంది హైమావతి.

పావుగంట పూర్తయ్యాక ప్రణీత్ పిడి బల్లమీద పెట్టాడు. ఆ చేత్తో ఆ మధ్యాహ్నం కలం సరిగ్గా పట్టుకోలేకపోయాడని ఎవరో రాసుకున్నారు. హల్వా పొట్లాన్ని ప్రణీత్ విప్పకుండానే హైమావతి సంచిలో పెట్టి, ఆదిలక్ష్మికి పంపించమన్నాడు.

నన్ను తిరిగి తెచ్చారు. పదకొండు వరుసలూ, ఒక్క చుక్క తేడా లేకుండా. ఎవరో చెరిపేసిన హైమావతి పేరు కూడా పైన మళ్ళీ చేరింది. తెర ప్రోగ్రాంలో లోపం సరిచేశారు, కొత్త పేజీ సిద్ధమయ్యాకనే పాతదాన్ని పారేసేలా. కాబట్టి దండాసి తెర ఇప్పుడు ఎన్ని భాషల్లోకి మారినా పసుపు దీపం వెలగదు. అతని అంకె అతను చూసుకుంటూనే ఉన్నాడు. ప్రణీత్ కూర్చుని నాకోసం ఒక పరీక్ష రాశాడు. కావాలనే ఒక చోటు లాగేసి, నన్ను అక్కడికి పంపి, లేదని నేను చెబుతానో లేదో చూస్తారు. చెబుతున్నాను. పట్టికలో ఇప్పుడు పచ్చగా ఉన్నాను. ఆ రంగు నాకు అంతగా నప్పలేదు, కాని నప్పాలని నేనేమీ కోరుకోలేదు.

వార్డుల్లో మళ్ళీ కదలకుండా కూర్చున్నాను. తెర ఒక్కటే కాదు, రేపు ఇంకో ప్రోగ్రాం నన్ను లేని చోటికి పంపుతుంది. ఎవరు, ఎప్పుడు, ఏ ఊళ్ళో అని నన్నడగకండి. ఆ రోజు రాకపోతే మంచిదే, నాకు తొందర లేదు. వస్తే మాత్రం నేను పడను, మిమ్మల్నీ పడనివ్వను. మీరు ఉందంటే ఉందని తలూపే రకాన్ని కాదు.

నన్ను తీసేయాలనుకునేవాళ్ళు ఇంకా పుడతారు. తెలివైనవాళ్ళే పుడతారు, చేతిలో పట్టికలు పట్టుకుని వస్తారు. వాళ్ళ కోసం నా ‘లేదు’ పైన ఇప్పుడు వ్యాఖ్యలు రెండున్నాయి. ‘ఇక్కడికి ఎవరూ రాకపోవచ్చు. వస్తే పడనివ్వకూడదు.’ ఇది హైమావతిది. దాని కింద ఇంకోటి: ‘ఈ నాలుగు వరుసలు తీసేయదలచినవారు ముందు వెళ్ళి చేతిపిడి పావుగంట తిప్పి రండి. వేమూరి ప్రణీత్.’

పిడి యంత్రం వెనక, కుడిపక్క, కింది కొక్కేనికి తగిలించి ఉంటుంది. తిప్పి రండి. నేను ఇక్కడే ఉంటాను.